మ్యాపులో ఎండని వాగు



ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ నాకు ఇచ్చారు. ఎండిపోయే వాగుల గురించి, వాటిని ఆకాశం నుంచి చూసే ఉపగ్రహాల గురించి రాస్తున్నాను. లెక్కలు సార్ చూసి దిద్దారు. ఇంకా తప్పులుంటే కింద పెన్సిలుతో రాయండి, ఏమీ అనుకోను.

ఈ విషయమే ఎందుకు తీసుకున్నాను?

జూన్‌లో బడి తెరిచాక నేను తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చాను. అందరికీ తెలుసు, రిజిస్టరులో నా పేరు ముందు అన్నీ సున్నాలే. మేడం ఎందుకు రాలేదని అడిగితే నీళ్ల కోసం అని చెప్పాను. అప్పుడు మేడం, "మీ ఊరికి వాగు ఉంది కదమ్మా" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. తల వంచుకుని నిలబడ్డాను.

అదే మాట అంతకుముందు కూడా విన్నాను. ఏప్రిల్‌లో మా ఊరి వాళ్లు బోరు కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఒక సారు వచ్చి మ్యాపు తీసి చూశారు. మా ఊరి పక్కన నీలం గీత ఉంది. "మీ పక్కనే వాగుంది కదా" అని ఆయన కూడా అన్నారు. మా ఊరి పెద్దమనిషి ఆయనను వాగు దాకా తీసుకుపోయి ఇసుక చూపించాడు. ఆయన చూశారు గానీ మ్యాపులో గీత నీలంగానే ఉంది.

నేను అప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను. వాగు ఎండుతుంది, గీత ఎండదు. మరి వాగు ఎప్పుడు పారింది, ఎప్పుడు ఎండింది అన్నది కాగితం మీదికి ఎట్లా వస్తుంది? సార్‌ని అడిగితే కంప్యూటరు గదికి తీసుకుపోయి ఉపగ్రహం తీసిన ఫొటోలు చూపించారు. అక్కడ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

వాగు ఎందుకు ఎండుతుంది?

మా ఊరి వాగు చిన్నది. అది పోయి జంపన్న వాగులో కలుస్తుంది. జంపన్న వాగు మనందరికీ తెలుసు. మేడారం దగ్గర పారుతుంది. సమ్మక్క తల్లి కొడుకు జంపన్న పేరు దానికి వచ్చింది. అంతకుముందు సంపెంగ వాగు అనేవారని పెద్దలు చెప్తారు. అది ఏటూరునాగారం వైపు పోయి గోదావరిలో కలుస్తుంది.

వానాకాలంలో కురిసిన నీరు కొంత పైనే పారిపోతుంది. కొంత భూమిలోకి ఇంకుతుంది. వానలు ఆగిన తర్వాత కూడా వాగు పారుతుంది కదా, ఆ నీళ్లు ఎక్కడివి? ఇంకిన నీళ్లే ఊటగా మళ్లీ వాగులోకి వస్తాయి. భూమి లోపలి నీటిమట్టం వాగు అడుగు కంటే కిందికి దిగితే ఊట ఆగిపోతుంది. మొదట పారుడు ఆగుతుంది. తర్వాత అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. తర్వాత మడుగులు కూడా పోయి ఇసుక మిగులుతుంది.

ఇది మన దగ్గరే కాదు. ప్రపంచంలోని నదులు, వాగుల మొత్తం పొడవులో 51 నుంచి 60 శాతం దాకా ఏడాదిలో కనీసం ఒక్క రోజైనా పారటం ఆగిపోతుందని 2021లో శాస్త్రవేత్తలు లెక్క వేసి చెప్పారు. అంటే సగం కంటే ఎక్కువ! మన పాఠాల్లో నది అంటే ఎప్పుడూ పారేది అన్నట్టు ఉంటుంది. ఎండే నదులే ఎక్కువ అని తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది.

నదిలో ఎంత నీరు పారుతుందో కొలవటానికి కొలత కేంద్రాలు ఉంటాయి. అవి ఎక్కువగా పెద్ద నదుల మీద పెడతారు. ఎండిపోయే చిన్న వాగు దగ్గర ఎవరు పెడతారు? అందుకే ఉపగ్రహాలు అవసరం పడ్డాయి. వాటికి పెద్ద నది, చిన్న ఊరు అనే తేడా లేదు. అన్నిటి మీదుగా పోతాయి.

ఉపగ్రహం ఎట్లా చూస్తుంది?

ఉపగ్రహం అనగా భూమి చుట్టూ తిరిగే యంత్రం. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు సుమారు 700 నుంచి 800 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. అమెరికా వాళ్ల మొదటి ల్యాండ్‌శాట్ 1972లో పోయింది. మన దేశపు ఐఆర్ఎస్-1ఎ 1988 మార్చి 17న పోయింది. యూరపు వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి తిరుగుతున్నాయి. మన ఉపగ్రహాలు పంపే ఫొటోలను హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారు షాద్‌నగర్ దగ్గర అందుకుంటారు.

ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 మన మీదుగా ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో పోతాయి. అనగా మనం తరగతిలో కూర్చున్నప్పుడే మన బడి ఫొటో పడుతుంది.

సార్ మొదట చూపించిన ఫొటోలో అడవి అంతా ఎర్రగా ఉంది. "అడవి కాలిపోతుందా సార్?" అని అడిగాను. అందరూ నవ్వారు. అది నిప్పు కాదు. మన కంటికి కనబడని ఒక వెలుగు ఉంది, దాని పేరు పరారుణ కాంతి. పచ్చని ఆకులు ఆ వెలుగును బాగా వెనక్కి కొడతాయి. ఉపగ్రహం దాన్ని పట్టుకుంటుంది. మనకు కనబడాలని దానికి ఎరుపు రంగు వేస్తారు. నీళ్లు మాత్రం ఆ వెలుగును మింగేస్తాయి. అందుకని నీళ్లున్న చోట నల్లగా కనబడుతుంది. ఎండిన ఇసుక తెల్లగా మెరుస్తుంది.

ఈ తేడాతోనే నీటిని లెక్క కట్టి పట్టుకుంటారు. 1996 నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఇది:

ఆకుపచ్చ వెలుగులోంచి పరారుణ వెలుగు తీసివేయాలి. వచ్చినదాన్ని ఆ రెండిటి మొత్తంతో భాగించాలి. జవాబు సున్నా కంటే ఎక్కువ వస్తే సాధారణంగా నీళ్లు, తక్కువ వస్తే నేల లేక చెట్టు.

సార్ బోర్డు మీద ఇచ్చిన ఉదాహరణలు:

నీళ్లు: ఆకుపచ్చ 8, పరారుణ 2. 6 ని 10 తో భాగిస్తే 0.6. నీళ్లే.
ఇసుక: ఆకుపచ్చ 20, పరారుణ 30. జవాబు మైనస్ 0.2. నీళ్లు కాదు.
ఆకులు: ఆకుపచ్చ 6, పరారుణ 42. జవాబు మైనస్ 0.75. నీళ్లు కాదు.

తీసివేతలు, భాగహారాలే కదా, మనం కూడా చేయొచ్చు. కంప్యూటరు ఈ లెక్కనే లక్షల గడులకు చేస్తుంది.

గడి ఎంత పెద్దది?

ఉపగ్రహం ఫొటో అంటే గళ్ల కాగితం లాంటిది. ఒక్కో గడికి ఒక్క రంగే ఉంటుంది. ల్యాండ్‌శాట్ ఫొటోలో గడి 30 మీటర్లు. సెంటినెల్-2 లో 10 మీటర్లు. మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లో ఒక కెమెరాకు 5.8 మీటర్లు. 10 మీటర్ల గడి అంటే మా ఇల్లు, పెరడు, కోళ్ల గూడు అన్నీ కలిపి ఒకే రంగు చుక్క అయిపోతాయి.

వాగు కనీసం రెండు మూడు గడుల వెడల్పు ఉంటేనే నీళ్లున్నాయో లేవో నమ్మకంగా చెప్పగలం. మేడారం దగ్గర వాగు వెడల్పు కాబట్టి ఫొటోలో మాకు బాగా దొరికింది. అక్టోబరు ఫొటోలో నల్లని గీత. మే ఫొటోలో అదే చోట తెల్లని పట్టీ, మధ్యమధ్యలో నల్ల చుక్కలు. ఆ చుక్కలు మడుగులు.

తర్వాత మా ఊరి వాగును వెతికాను. చాలాసేపు దొరకలేదు. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తమ్ముడిని అవతలి ఒడ్డున నిలబెట్టి తాడుతో కొలిచాను. 6 మీటర్లు వచ్చింది. ఒక గడి కూడా నిండదు! పైగా రెండు వైపులా ఏరుమద్ది చెట్లు వంగి కప్పుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే ఆకులే తప్ప వాగు కనబడదు. మ్యాపులో ఎప్పుడూ నీలంగా ఉండే మా వాగు, ఉపగ్రహం ఫొటోలో ఎప్పుడూ లేనే లేదు. నాకు కొంచెం బాధ అనిపించింది.

ఒక్క ఫొటో చూసి చెప్పరాదు

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. జాతర రోజుల్లో భక్తులు స్నానాలు చేయటానికి లక్నవరం చెరువు నుంచి జంపన్న వాగులోకి నీళ్లు వదులుతారు. ఆ రోజుల ఫొటో ఒక్కటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఈ వాగు ఎండాకాలం ముందు కూడా బాగా పారుతుంది అనుకుంటారు. ఉపగ్రహం నీళ్లను చూస్తుంది. అవి ఊట నీళ్లా, వదిలిన నీళ్లా అన్నది దానికి తెలియదు. మనకు తెలుసు.

కొండ నీడ కూడా ఫొటోలో నల్లగానే పడుతుంది. దాన్ని చూసి నీళ్లని పొరబడొచ్చు. అందుకని ఒకే చోటును నెలనెలా, ఏడేడాది చూడాలి. రెండు సెంటినెల్-2 ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి వస్తాయి. ఒక ల్యాండ్‌శాట్ 16 రోజులకోసారి వస్తుంది.

మబ్బు పడితే?

ఇది పెద్ద చిక్కు. నీళ్లు ఎక్కువగా ఉండేది వానాకాలంలోనే. మబ్బులు ఉండేది కూడా అప్పుడే. మామూలు కెమెరా మబ్బును దాటి చూడలేదు, మబ్బునే ఫొటో తీస్తుంది.

2023 జూలై 27 మనం మరచిపోం. ఆ రోజు ఉదయానికి 24 గంటల్లో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచేసింది. మనుషులు కొట్టుకుపోయారు. ఎండాకాలంలో చెప్పులు లేకుండా నడిస్తే కాళ్లు కాలే ఇసుక అది. ఆ వాగే అంత పని చేసింది. ఎండే వాగు అని తేలిగ్గా చూడొద్దు అని అప్పుడు అందరికీ తెలిసింది.

ఇట్లాంటి సమయానికి రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి. అవి సూర్యుని వెలుగు కోసం చూడవు. చీకట్లో టార్చిలైటు వేసినట్టు తమ తరంగాలను తామే పంపి, తిరిగి వచ్చినవి పట్టుకుంటాయి. ఆ తరంగాలు మబ్బులోంచి, రాత్రి పూట కూడా పోతాయి. నిలకడగా ఉన్న నీళ్లు అద్దం లాగా వాటిని పక్కకు తోసేస్తాయి, అందుకని నీళ్లు నల్లగా కనబడతాయి. యూరపు వాళ్ల సెంటినెల్-1 2014 నుంచి ఈ పని చేస్తుంది. మన దేశం 2022 ఫిబ్రవరిలో ఇఓఎస్-04 పంపింది. ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పోయింది. అది 12 రోజులకోసారి అదే చోటుకు వస్తుంది.

దీనికి కూడా ఒక లోపం ఉంది. నున్నగా ఎండిన ఇసుక కూడా రాడార్‌లో నల్లగానే పడుతుంది. అంటే మన వాగుల్లో నీళ్లకూ ఇసుకకూ తేడా పట్టడం కష్టం. ఇంకొకటి, మన వరద ఒక్క రోజులో వచ్చి పోతుంది. ఆ రోజు ఉపగ్రహం మన మీదుగా రాకపోతే అది చూడనట్టే.

చెలిమె సంగతి

నేను ఇదంతా ఇంట్లో చెప్తే మా అవ్వ విన్నది. అంతా విని, "ఏమే బిడ్డా, అంత మీదికెళ్లి చూస్తే మన చెలిమె కనబడ్తదా?" అని అడిగింది.

చెలిమె గురించి తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. వాగు ఎండినా ఇసుక కింద నీళ్లు ఉంటాయి. ఇసుకలో గుంట తవ్వితే మెల్లగా ఊరుతాయి. మొదట వచ్చేది బురద నీళ్లు. రెండు మూడు సార్లు తోడి పారబోస్తే తేట నీళ్లు వస్తాయి. ఎక్కడ తవ్వాలో మా అమ్మకు తెలుసు. ఒడ్డున చెట్టు ఎండలో కూడా పచ్చగా ఉంటే ఆ దగ్గర తవ్వుతుంది. మార్చిలో మోచేతి లోతున నీళ్లు దొరికినయి. మే చివర నేను గుంటలో దిగి నిలబడితే నడుము దాకా వచ్చింది. ఒక బిందె నిండటానికి అంతసేపు కూర్చోవాలి. మా అమ్మకి నడుము పట్టేసింది, వంగి తోడలేకపోయింది. తమ్ముడు చిన్నవాడు. అందుకే నేను తొమ్మిది రోజులు రాలేదు మేడం.

అవ్వ ప్రశ్నకు జవాబు: కనబడదు. ఉపగ్రహం కెమెరా పైన ఉన్న నీటినే చూస్తుంది. ఇసుక కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో దానికి తెలియదు. కానీ ఒకటి ఉంది. మా అమ్మ చెట్టు పచ్చదనం చూసి నీళ్లను పసిగట్టినట్టే శాస్త్రవేత్తలు కూడా వాగు ఒడ్డున చెట్ల పచ్చదనాన్ని ఉపగ్రహం ఫొటోల్లో చూసి కింద తేమ ఉందేమో అంచనా వేస్తారు. మా అమ్మ బడికి పోలేదు. కానీ ఇద్దరి పద్ధతీ ఒకటే. సార్‌కి ఈ మాట చెప్తే చాలా సంతోషించారు.

అవ్వ మాటకు సాక్ష్యం

అవ్వ చిన్నప్పుడు ఇప్పపువ్వు ఏరే రోజుల్లో కూడా మా వాగు పారేదట. పువ్వు ఏరుతూ దాహమైతే దోసిలితో తాగేవాళ్లట. ఇప్పుడు సంక్రాంతికే పారుడు ఆగిపోతుంది. ఇది చెప్తే "ముసలోళ్లు అట్లనే అంటరు" అని కొట్టిపారేస్తారు.

ఉపగ్రహం ఫొటోలు పాతవి కూడా దాచి పెట్టారు. ల్యాండ్‌శాట్ ఫొటోలు 2008 నుంచి ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. 1984 నుంచి 2015 దాకా తీసిన 30 లక్షల ఫొటోలను కలిపి ప్రపంచంలో ఎక్కడ నీళ్లు ఉన్నాయి, ఎక్కడ పోయాయి, ఎక్కడ కొత్తగా వచ్చాయి అని యూరపు శాస్త్రవేత్తలు 2016లో మ్యాపు చేశారు. పెద్ద నదులకు, చెరువులకు అది మంచి సాక్ష్యం. మా వాగుకు మాత్రం గడి సరిపోదు. కాబట్టి మా వాగుకు సాక్షి అవ్వ ఒక్కతే. ఆమె చెప్పింది ఎవరూ రాసి పెట్టలేదు. ఆమె తర్వాత ఎవరు చెప్తారు?

మనం ఏం చేయగలం?

అమెరికాలో ఆరిజోనా అనే రాష్ట్రం ఉంది. అక్కడ శాన్ పెడ్రో అనే నది కొంత దూరం పారుతుంది, కొంత దూరం ఎండుతుంది. 1999 నుంచి ఏటా జూన్‌లో అక్కడి వాళ్లు నది వెంట నడిచి, ఎక్కడ తడి ఉంది, ఎక్కడ పొడి ఉంది అని రాసుకుంటున్నారు. అన్ని ఉపగ్రహాలు ఉన్న దేశంలో కూడా మనుషులు నడుస్తున్నారు! యూరపులో ఎండే నదుల కోసం ఒక ఫోన్ యాప్ చేశారు. అందులో మూడు గుర్తులు ఉన్నాయి: పారుతుంది, మడుగులు ఉన్నాయి, ఎండింది.

మన హాస్టల్లో చాలా ఊళ్ల పిల్లలం ఉన్నాం. ప్రతి ఊరికీ ఒక వాగో ఒర్రెనో ఉంది. మనం సెలవులకు పోయినప్పుడల్లా రాయొచ్చు. నేను ఒక నోట్ బుక్ మొదలుపెట్టాను. యాప్‌లో మూడు గుర్తులే ఉన్నాయి, మన నోట్ బుక్కులో నాలుగు:

1. పారుతుంది.
2. మడుగులు ఉన్నాయి.
3. పైన ఎండింది, చెలిమెలో నీళ్లు ఉన్నాయి. ఎంత లోతు? (మోచేయి, మోకాలు, నడుము, తల)
4. చెలిమెలో కూడా లేవు.

తారీఖు, ఊరి పేరు, ఏ చోట చూశారో రాయండి. పారుడు ఏ పండుగకు ఆగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అది కూడా రాయండి. వెడల్పును తాడుతో కొలవండి. ఎండ్లు గడిచే కొద్దీ ఇది ఉపయోగపడుతుంది. ఎవరైనా మ్యాపు తీసి "మీకు వాగుంది కదా" అంటే, ఏ నెల దాకా ఉంది, ఏ నెల నుంచి లేదు అని నోట్ బుక్ తెరిచి చూపించొచ్చు. నాలాగా తల వంచుకుని నిలబడనవసరం లేదు.

ఇప్పటికి పదకొండు మంది పేర్లు ఇచ్చారు. నోట్ బుక్ నా పెట్టెలో ఉంది. ఎప్పుడైనా అడగండి. మేడం గారు ఒప్పుకుంటే ఆఫీసు గదిలో పెడతాను, అక్కడైతే వానకు తడవదు.

మీకు మూడు ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో):

1. ఒక గడిలో ఆకుపచ్చ 9, పరారుణ 3. అది నీళ్లా, నేలా?
2. ఒక ల్యాండ్‌శాట్ గడిలో సెంటినెల్-2 గడులు ఎన్ని పడతాయి?
3. మీ ఊరి వాగు నిరుడు ఏ నెలలో పారటం ఆగింది?

మూడో ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. మీరే చెప్పాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని